చెక్కేసిన ముఖం

రెండు వేల ఆరులో ప్రాణహిత పొంగినప్పుడు, మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో ఏటి ఒడ్డు వాడలన్నీ మునిగాయి. నీళ్లు తీసిన మూడో నాడు పడవ నడిపే కిష్టన్న ఒక మొద్దుకు మోకు కట్టి, ఎడ్లతో ఈడ్పించుకుంటూ తెచ్చి వడ్ల లస్మయ్య కొట్టం ముందు పడేశాడు.

"లస్మన్నా, ఏట్ల కొట్టుకొచ్చి నా పడవకు తగిలి ఆగింది. మంచి టేకు చేవ. పొయ్యిల పెట్టబుద్ది కాలే. నువ్వే ఉంచుకో. నాకో తెడ్డు చేసియ్యి, చాలు," అన్నాడు.

లస్మయ్యకు అప్పటికి యాభై ఆరేళ్లు. దర్వాజలు, నాగళ్లు, పెండ్లి పీటలు చేసేవాడు. గ్రామదేవతల కొయ్య విగ్రహాలు కూడా చెక్కేవాడు. సిరోంచ నుంచి అంకీస దాకా ఏ ఊళ్లో అమ్మవారిని నిలబెట్టాలన్నా ముందు ఆయనకే కబురొచ్చేది. ఆయన చెక్కిన అమ్మవార్లందరిదీ ఒకటే ముఖం. గుండ్రటి చెంపలు, పెద్ద కళ్లు, బిగబట్టిన పెదవులు. తండ్రి దగ్గర నేర్చుకున్న ముఖం అది. ముప్పై ఐదేళ్లుగా దాన్నే చెక్కుతున్నాడు. జనం దండం పెట్టుకునేవాళ్లు. కానీ ఆ ముఖం ముందు ఆగి, కదలలేక నిలబడిపోయినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే లస్మయ్యకు తెలుసు.

మొద్దు మీద బకెట్లతో నీళ్లు పోసి బురద కడిగాడు. బురద కింద చెక్కడం బయటపడింది.

ఆరడుగుల కంబం అది. భూమిలో పాతిన అడుగు భాగం నల్లబడి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు. కింద చేతులు పట్టుకుని వరసగా ఆడేవాళ్లు, ఒక కుక్క, ఒక దువ్వెన. నడుమ ఒక ఆడపిల్ల ముఖం.

లస్మయ్య బకెట్ కింద పెట్టి ఆ ముఖం ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఇరవై ఏళ్ల పిల్లలా ఉంది. గడ్డం కొంచెం పైకెత్తి, ఎవరో పిలిస్తే తిరిగి చూస్తున్నట్టుంది. ఎడమ కనుబొమ్మ కుడిదాని కంటే కాస్త పైన. పెదవి చివర చిన్న గుంట. నవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోని పిల్ల ముఖం. కళ్లకు పాపలు చెక్కలేదు. అయినా చూస్తోంది.

వేళ్లతో తడిమాడు. ఉలి గాట్లు ఒక్కనాటివి కావు. కొన్ని ఎండకూ వానకూ బూడిదరంగు తిరిగాయి. కొన్ని నిరుడు పడ్డట్టు పచ్చగా ఉన్నాయి. గాటు మీద గాటు, దాని మీద మరో గాటు. ఎవరో ఈ ఒక్క ముఖాన్నే ఏళ్ల తరబడి చెక్కుతూ వచ్చారు. అలా ఎందుకు చేస్తారో ఆయనకు అంతుపట్టలేదు.

కంబం ఏమిటో మాత్రం తెలుసు. అడవి పల్లెల్లో గోండు జనం చనిపోయినవాళ్ల పేరు మీద ఇలాంటివి నిలబెడతారు. భామ్రాగడ్ పోయే బస్సులోంచి చాలాసార్లు చూశాడు. భార్య రాజక్క వాకిట్లోకి వచ్చి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవలో సచ్చిపోయినోళ్లది. ఇంటి ముంగట ఎందుకు పెట్టుకున్నవ్? మళ్ల ఏట్లనే ఇడిసిపెట్టి రా."

"ఇడిసిపెడితే ఇంకెవలో తెచ్చి కాలవెడ్తరు. ఉండనీ," అన్నాడు లస్మయ్య.

వారం తిరక్కుండా సాంబన్న వచ్చాడు. వరి పండించే పెద్ద రైతు, ఏటి ఒడ్డు వాడకు పెద్దమనిషి. వరదకు పోచమ్మ గుడి కూలిపోయి, లోపలున్న పాత విగ్రహం కొట్టుకుపోయింది.

"దసరకల్లా అమ్మ నిలబడాలె, లస్మయ్యా. ఊరు ఊరంత భయపడుతున్నది. అమ్మనే ఏట్ల పోయె, ఇగ మనకు దిక్కెవలు అంటున్నరు."

"ఎండిన కొయ్య దొరుకుడు కష్టం. డిపోల ఉన్నదంత పచ్చిది. చెక్కితే పగుల్తది."

సాంబన్న వాకిట్లో పడి ఉన్న మొద్దు వైపు చూశాడు. "అది ఎండిందే కదా?"

లస్మయ్య ఆ రాత్రంతా ఆలోచించానని తర్వాత భార్యతో చెప్పాడు గానీ, అది నిజం కాదు. సాంబన్న అడిగిన క్షణంలోనే ఒప్పుకున్నాడు. కొయ్య మంచిదని, ఊరి పని అని, చనిపోయినవాళ్ల గుర్తు దేవత అవుతుంటే పుణ్యమేనని తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. ఆ ముఖం వాకిట్లో ఉన్నన్నాళ్లూ ఆయనకు అన్నం సయించలేదు. బడికి పోని, పేరు లేని, అడవిలో ఎక్కడో ఉండే ఒక మనిషి చెక్కిన ముఖం అది. తాను ముప్పై ఐదేళ్లలో దాని దరిదాపులకు కూడా పోలేదు. దాన్ని చూస్తూ ఉలి పట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున బాడిశ పట్టాడు. సూర్యచంద్రులు పోయారు. ఆడేవాళ్లు పోయారు. కుక్క, దువ్వెన పోయాయి. ముఖాన్ని చివరికి వదిలాడు. మధ్యాహ్నం దాకా దాని చుట్టూతా చెక్కి, ఇక చెక్కడానికి ఏమీ మిగలనప్పుడు బాడిశ ఎత్తాడు. మూడు దెబ్బలకు ముక్కు, నోరు లేచిపోయాయి. కళ్లకు ఇంకా కొన్ని దెబ్బలు పట్టాయి.

రాజక్క ఆ పేళ్లను పొయ్యిలోకి ఏరుకుంటుంటే వద్దన్నాడు. గంపకెత్తుకుని పోయి ఏటిలో పోసి వచ్చాడు.

పోచమ్మ ముఖానికి ఎప్పటిలాగే బొగ్గుతో గీతలు గీశాడు. గుండ్రటి చెంపలు, పెద్ద కళ్లు. తండ్రి నేర్పిన కొలతలే. మొదటి నాలుగు రోజులు పని మామూలుగా సాగింది. ఐదో రోజు ఎడమ కనుబొమ్మ కాస్త పైకి పోయింది. చెయ్యి జారిందనుకుని కుడిదాన్ని సరిచేయబోయాడు. సరిచేసిన కొద్దీ తేడా పెరిగింది. గడ్డం బరువుగా ఉందని కొంచెం తీశాడు. గడ్డం పైకి లేచింది. పెదవి చివర కొయ్యలో చిన్న కణుపు తగిలితే దాన్ని తొలిచాడు. గుంట పడింది. ఉలి కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి చూశాడు. ఆ పిల్లే తిరిగి చూస్తోంది.

వేరే మొద్దు తెచ్చి మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు. దసరాకు ముందు సాంబన్న నలుగురిని వెంటపెట్టుకుని వచ్చాడు. లస్మయ్య గోనెపట్టా తీశాడు. సాంబన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు ఈ చెయ్యి ఏడ దాసిపెట్టినవ్, లస్మయ్యా?" అన్నాడు.

గుడిలో అమ్మను నిలబెట్టిననాడు ఆడవాళ్లు ముఖం చూసి కళ్లు ఒత్తుకున్నారు. అంకీస నుంచి, ఇంకా అవతలి ఊళ్ల నుంచి జనం వచ్చి చూసిపోయారు. వచ్చిన ప్రతివాళ్లూ లస్మయ్య చేతులు పట్టుకున్నారు. ఆయన చేతులు వెనక్కి లాక్కుని, ఒళ్లు బాగాలేదని ఇంటికి వచ్చేశాడు.

ఇక్కడితో అయిపోతుందనుకున్నాడు. కొయ్యలో మిగిలిన వాటం అలా తీసుకుపోయిందని, వేరే కొయ్య పడితే పోతుందని అనుకున్నాడు.

వినయ్‌కుమార్ అనే బడి పంతులు కొత్త ఇల్లు కట్టుకుంటూ దర్వాజ మీద గజలక్ష్మి కావాలన్నాడు. కొత్త కొయ్య, కొత్త గీతలు. లక్ష్మి అదే కనుబొమ్మ ఎత్తింది. వినయ్‌కుమార్ వచ్చి చూసి చాలాసేపు తటపటాయించాడు.

"పనితనానికి వంక లేదు, లస్మన్నా. కానీ ఇంట్లకు వచ్చే లక్ష్మి గింత దిగులుగ ఉంటదా? మా ఆడోళ్లు భయపడ్తరు."

దాన్ని కొట్టం గోడకు ఆనించి, రెండోది మొదలుపెట్టాడు. అదీ అలాగే వచ్చింది. జాతర గుర్రం మీద కూర్చునే మగ దేవుడికి మీసం పెట్టినా, మీసం కింద ఆ పెదవే. బాడిశ మార్చాడు, ఉలి మార్చాడు, టేకు వదిలి వేపకొయ్య పట్టాడు. పిల్లలు ఆడుకునే బొమ్మకు ముఖం పెడదామని నాలుగు గాట్లు పెట్టేసరికి అది ఆయన వైపు చూసింది.

పట్టపగలే భయం మొదలైంది. నడిమధ్యాహ్నం, వాడ మొత్తం పొలాల్లో ఉన్న వేళ, కొట్టంలో కూర్చుని ఉలి పడుతుంటే తన వెనక ఎవరో కూర్చుని భుజం మీదుగా పని చూస్తున్నట్టు ఉండేది. చప్పుడు ఏమీ ఉండేది కాదు. గాలి కూడా ఉండేది కాదు. ఒక పిల్ల ఓపికగా, తన వంతు వచ్చేదాకా ఎదురుచూస్తున్నట్టు మాత్రం అనిపించేది. వెనక్కి తిరిగితే సగం చెక్కిన ముఖాలు గోడకు ఆని వరసగా కనబడేవి. అందుకని తిరగడం మానేశాడు. ఆ తర్వాత ముఖాలు చెక్కడమే మానేశాడు. నాగళ్లు, మంచం కోళ్లు చేస్తూ కూర్చున్నాడు.

ఒకరోజు రాజక్క కొట్టంలోకి వచ్చి ఆ ముఖాల ముందు నిలబడింది.

"ఎవలీ పిల్ల?"

"ఎవలు లేరు."

"లేకుంటె ఇన్ని తీర్ల ఎట్ల చేస్తవ్? ముప్పై ఏండ్లు నీతోని కాపురం చేసిన. నా ముఖం ఒక్కనాడన్న చెక్కినవా? ఈమెవలో చెప్పు, నేనేమనను."

"ఆ కంబం మీద ఉండె. నువ్వు చూసినవ్ కదా," అన్నాడు లస్మయ్య. అంతకుముందు ఎవరికీ చెప్పని మాట అది. "చెక్కేసిన. పోతలేదు."

రాజక్క ముఖంలో కోపం పోయింది. గోడకు ఆనించిన ముఖాల మీద పాత దుప్పటి కప్పింది. "ఇడిసిపెట్టి రమ్మంటే ఇనకపోతివి," అని మాత్రం అంది.

చలికాలం వచ్చింది. ఒక పగటిపూట ఇద్దరు మనుషులు రేవులో కిష్టన్నను అడిగి లస్మయ్య ఇంటికి వచ్చారు. ఒకడు ముప్పై ఏళ్లవాడు, పేరు సోము. నాగేపల్లిలో గిరిజన పిల్లలు ఉండి చదువుకునే ఆశ్రమశాలలో వంట చేస్తాడు. గోండీ, మరాఠీ, తెలుగు మూడూ వచ్చు. రెండోవాడు ముసలాయన. మోకాళ్ల దాకా దుమ్ము. కుడి చెయ్యి ఆగకుండా వణుకుతోంది. పేరు లాల్సు.

"కాకా, మాది నాగేపల్లి అవతల అడివిల ఊరు. ఒక పూట నడవాలె," అన్నాడు సోము. "వరదకు మా వాగు పొంగి, ఈయన బిడ్డ కంబం కొట్టుకపోయింది. నెల రోజుల సంది ఏటి పొంటి ఊరూరు అడుక్కుంట వస్తున్నం. పడవాయన నీకు ఒక మొద్దు ఇచ్చిన అన్నడు."

"అది పనికిరాకుండె," అన్నాడు లస్మయ్య. "పుచ్చిపోయింది. కాలవెట్టినం."

సోము ఆ మాట గోండీలో చెప్పాడు. ముసలాయన తల ఊపాడు. నీళ్లు అడిగాడు. రాజక్క చెంబు తెచ్చి ఇచ్చింది. వణికే చేతిలో చెంబు నిలవక నీళ్లు ఒలికాయి. ఆయన తుడుచుకుంటూ పక్కకు తిరిగితే కొట్టం తలుపు తెరిచి ఉంది. లోపల గోడ పొంటి ఏదో వరస, దాని మీద దుప్పటి. దుప్పటి అంచు కింద ఒక గడ్డం కనబడుతోంది, కొంచెం పైకెత్తిన గడ్డం.

లాల్సు లేచి లోపలికి పోయాడు. ఎవరూ ఆపలేదు. దుప్పటి లాగాడు.

మొదటి గజలక్ష్మి ముఖం మీద ఎడమ చెయ్యి పెట్టాడు. తర్వాత రెండోదాని మీద. మీసాల దేవుడి మీద. ఒక్కో ముఖం ముందు ఆగి, కనుబొమ్మను, చెంపను, పెదవి చివర గుంటను వేళ్లతో తడుముతూ పోయాడు. చివర వేపకొయ్య బొమ్మ దగ్గర కూర్చుని, దాన్ని ఒళ్లోకి తీసుకుని, మెల్లగా ఏదో అన్నాడు.

సోము తెలుగులో చెప్పలేదు.

"ఏమంటున్నడు?" అని లస్మయ్యే అడిగాడు.

"పెరిగింది అంటున్నడు," అన్నాడు సోము. వాడి గొంతులో కూడా భయం ఉంది.

లస్మయ్యకు ఆ మాట అర్థం కాలేదు. కానీ ఇక అబద్ధం చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. అక్కడే నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. సాంబన్న అడిగిన సంగతీ, బాడిశ పట్టిన సంగతీ. ఎందుకు చెక్కేశాడో కూడా దాచలేదు.

"నాకన్న మంచిగ చెక్కిండని కొట్టేసిన. గట్లనే చెప్పు, సోమూ. గదే మాట చెప్పు."

ముసలాయన అంతా విన్నాడు. తిట్టలేదు. విగ్రహం చూపించమన్నాడు. ముగ్గురూ గుడికి పోయారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎర్ర చీర కట్టిన పోచమ్మ ముందు ఇద్దరు ఆడవాళ్లు కొబ్బరికాయ కొడుతున్నారు. లాల్సు గడప బయటే నిలబడి చూశాడు. సాంబన్నను పిలిపించనా అని లస్మయ్య అడిగాడు.

"వద్దంటున్నడు," అన్నాడు సోము. "ఇంత మందికి అమ్మ అయింది, ఇగ ఒక్కనికి బిడ్డెట్ల అయితది అంటున్నడు. నిన్ను మాత్రం రమ్మంటున్నడు, కాకా. ఈ ఏడు సంది ఈయన చెయ్యి పనిచెయ్యదు. చిన్నా పెద్దా అందరు చూస్తుండంగ కొత్త కంబం నువ్వే చెక్కాల్నట. ఆ ముఖం నీ చేతికే తెలుసంట."

రాజక్క రొట్టెలు కట్టి ఇచ్చింది. మర్నాడు ముగ్గురూ సర్కారు బస్సెక్కి నాగేపల్లి దగ్గర దిగి, అడవిలోకి నడిచారు.

పాతిక ఇళ్ల ఊరు. లాల్సు భార్య పేరు మైని. సన్నటి మనిషి, నుదుటి మీద పచ్చబొట్టు. మొగుడు తెచ్చిన మనిషికి గంజి పోసి పెట్టి లోపలికి పోయింది. వాగు ఒడ్డున చనిపోయినవాళ్ల కంబాలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒకచోట ఖాళీ గుంత. ఊరివాళ్లు ఎండబెట్టి ఉంచిన టేకు మొద్దు ఒకటి ఇచ్చారు. లస్మయ్య ఆ గుంత పక్కనే కూర్చుని పని మొదలుపెట్టాడు.

ముఖం తనంతట తానే వచ్చింది. గీతలు గియ్యలేదు, కొలతలు తియ్యలేదు. ఉలి ఆనిస్తే చాలు, చెయ్యి దారి పట్టింది. అంత వేగంగా ఆయన ఎన్నడూ చెక్కలేదు. పక్కన కూర్చున్న లాల్సు కళ్లు మెరుస్తున్నాయి. రెండో రోజు సాయంత్రానికి కళ్లు, ముక్కు తేలాయి. అప్పుడు మైని నీళ్లకుండ చంకన పెట్టుకుని వచ్చి, ఆగి, ముఖం చూసింది.

ఆమె అన్నమాట సోము మెల్లగా చెప్పాడు. "ఈమె ఎవలు, నాకు తెల్వదు అంటున్నది."

"ఆమె బిడ్డనే కదా?" అన్నాడు లస్మయ్య.

మైని కుండ దించింది. చేతిని తన తొడ ఎత్తులో పెట్టి చూపించింది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది. లాల్సు తల వంచుకున్నాడు.

"వీళ్ల బిడ్డ జూరి ఆరేండ్లకే జొరం వచ్చి పోయింది, కాకా," అన్నాడు సోము. "ఈమె అంటున్నది గదే. అప్పుడే కంబం నిలబెట్టిండ్రు. మొదట చిన్న పిల్ల ముఖమే ఉండె. ఏడాది తిరిగినంక ఈయన ఉలి పట్టుకొని వోయి, ఇప్పుడు ఏడేండ్లు కదా అని జర చెక్కిండు. మళ్ల ఏడాదికి మళ్ల జర. చెంపలు తీసిండు, ముక్కు తేల్చిండు. గట్ల పదిహేనేండ్లు. ఊరోళ్లు వద్దన్నరు, పోయిన పిల్లను పెంచొద్దన్నరు. ఇనలే. ఇంటికొచ్చి, ఈ ఏడు గింత ఎత్తయిందని చెప్పెటోడట. ఈమె ఏమంటున్నదంటే, నా బిడ్డ ఆరేండ్లది. దాని ముఖం ఈయన కొంచెం కొంచెం చెక్కి పారేసిండు. వరదకు కొట్టుకపోతే పోనీ అనుకున్న. మళ్ల నిన్ను తీసుకొచ్చిండు, అంటున్నది."

లస్మయ్య చేతిలోని ఉలి వైపు చూశాడు. ఆ కంబం మీద పాత గాట్లు, కొత్త గాట్లు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. తన కొట్టంలో ముసలాయన అన్న మాట కూడా. ఆ ముఖం ఈ భూమ్మీద ఎన్నడూ బతకలేదు. దాన్ని తండ్రి ఊహించాడు, తాను చెక్కేశాడు. ఆ ముఖం తెలిసినవాళ్లు లాల్సు, తాను ఇద్దరే. అది తన చేతిలో చేరి, అక్కడ ఇంకో ఏడు పెరిగింది.

ఆయన మొద్దును అటు తిప్పించాడు. ఏ గాటూ పడని వైపు పైకి వచ్చింది.

"అమ్మా, నువ్వు గిట్ల నా ముంగట కూసో," అన్నాడు మైనితో. "నీ బిడ్డ ఎట్ల ఉండేనో చెప్పు. ఏది యాదికొస్తే అది చెప్పు."

లస్మయ్య జీవితంలో పడ్డ కష్టమంతా ఒక ఎత్తు, ఆ తర్వాతి నాలుగు రోజులు ఒక ఎత్తు. దేవతలను చెక్కిన చెయ్యి అది. పై వరస పళ్లు రెండు ఊడిన పిల్లను ఎన్నడూ చెక్కలేదు. తునికి పండ్లు తిని మూతి అంతా పూసుకునేదని, జుట్టు ఎంత దువ్వినా నిలిచేది కాదని, బొజ్జ ముందుకు పెట్టి నడిచేదని మైని చెప్పింది. చెప్తూ చెప్తూ ఒకసారి నవ్వింది. ఆ నవ్వు చూసి లస్మయ్య పెదవి దిద్దాడు. చెయ్యి మాటిమాటికీ పాత దారి పట్టేది. గడ్డం పైకి లేవబోయేది. ఉలి ఎత్తి, ఊపిరి పీల్చుకుని, ఆమె ముఖం చూసి మళ్లీ ఆనించేవాడు. ఒకసారి ఉలి జారి బొటనవేలు తెగింది. మైని ఆకు పసరు పిండి కట్టు కట్టింది.

ఆ నాలుగు రోజులూ లాల్సు దూరంగా వాగు వైపు తిరిగి కూర్చున్నాడు. తిండికి కూడా సరిగ్గా రాలేదు.

ఐదో రోజు పొద్దున లేచి వచ్చి పిల్ల ముందు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడంటే, కట్టెలకు పోయిన ఆడవాళ్లు తిరిగి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత లస్మయ్య ముందు చెయ్యి చాచాడు. ఉలి అందుకున్నాడు. వణికే కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, పిల్ల చెవి తమ్మె మీద ఒక గాటు పెట్టాడు. వంకరగా పడింది.

మైని ఏదో అంది. అంటూనే ఏడ్చింది.

"కమ్మ ఇరుక్కొని చెవి తెగిందట, ఐదేండ్లప్పుడు," అన్నాడు సోము. "ఆమె మర్చిపోయిందట."

లస్మయ్య ఆ వంకర గాటును సరిచెయ్యలేదు.

కంబం నిలబెట్టే ముందు లాల్సు మొద్దును మళ్లీ తిప్పమన్నాడు. వెనక వైపు సగం చెక్కిన పెద్ద పిల్ల ముఖం ఆకాశం వైపు చూస్తోంది. బాడిశ అడిగాడు. నేను తీస్తానని లస్మయ్య అనబోయాడు గానీ, ముసలాయన కళ్లు చూసి ఊరుకున్నాడు. దెబ్బ తర్వాత దెబ్బ, బలం లేని దెబ్బలు. అలసిపోయి ఆగి, మళ్లీ కొట్టాడు. చాలా పొద్దు పట్టింది. లస్మయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని ప్రతి దెబ్బా చూశాడు. అంతా నునుపైనాక లాల్సు బాడిశ తిరిగిచ్చి, ఒక్క మాట అన్నాడు.

"ఇగ ఆగుతది, అంటున్నడు," అన్నాడు సోము.

లస్మయ్య ఇంటికి వచ్చాక చాలా రోజులు ముఖం జోలికి పోలేదు. చివరికి వినయ్‌కుమార్ దర్వాజకు మళ్లీ ఉలి పట్టాడు. గుండ్రటి చెంపలు, పెద్ద కళ్లు, బిగబట్టిన పెదవులు. తండ్రి నేర్పిన లక్ష్మి వచ్చి కూర్చుంది. వినయ్‌కుమార్ సంతోషంగా తీసుకుపోయాడు. లస్మయ్య ఆ రోజు కడుపునిండా తిన్నాడు. ఏదో పోయినట్టు కూడా అనిపించింది. అంత బాగా తాను మళ్లీ చెక్కలేనని తెలుసు.

ఏడాది తర్వాత సాంబన్న దారిలో ఎదురై ఆపాడు. "ఏమోగని లస్మయ్యా, మన అమ్మ ముఖం నిరుటి కంటే జర సన్నబడ్డట్టు లేదా?"

"కొయ్య ఎండితే గట్లనే ఉంటది," అన్నాడు లస్మయ్య. గుడి వైపు మాత్రం చూడలేదు. ఆ దారిన ఒంటరిగా నడవడం ఆయన ఎప్పుడో మానేశాడు.

ఆ వానకాలం పోయాక సోము ఒక్కడే వచ్చాడు. లాల్సు పోయాడని, కంబానికి లస్మయ్యనే పిలుచుకు రమ్మని మైని పంపిందని చెప్పాడు. రాజక్క మళ్లీ రొట్టెలు కట్టింది. వాగు పొంగు ఇంకా పూర్తిగా తగ్గలేదు. నడుము లోతు నీళ్లలో ఉలుల సంచి నెత్తిన పెట్టుకుని దాటారు.

వాగు ఒడ్డున ఎండిన మొద్దు సిద్ధంగా ఉంది. మైని వచ్చి ఎదురుగా కూర్చుంది. లస్మయ్య ఆ ముసలాయనను చూసినవాడే, ముఖం బాగానే గుర్తుంది. అయినా ఉలి పట్టకుండా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అడిగాడు.

"చెప్పమ్మా. ఎట్ల ఉండేటోడు?"

మైని కొంగుతో ముఖం తుడుచుకుని, కాసేపు నీళ్ల వైపు చూసింది. తర్వాత సోము వైపు తిరిగి, వాళ్ల పెళ్లినాటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.